పసుపు హైలైటర్ గారికి ఒక నర్సింగ్ ట్యూటర్ విన్నపం

బరంపురం

మహారాజశ్రీ పసుపు హైలైటర్ గారికి,

ఉభయకుశలోపరి. ఇక్కడ ఫార్మకాలజీ (మందుల పాఠం) మార్కులు తప్ప అందరం క్షేమం.

పట్టుచీరలకు పేరుపడ్డ ఊరు మాది. పరీక్షల నెల వస్తే మాత్రం గిరాకీ అంతా తమదే. పిల్లలు తమరితో పాటు తమ గులాబీ చెల్లెల్నీ, ఆకుపచ్చ తమ్ముణ్ణీ కూడా కొనుక్కుంటారు. పసుపు గీస్తే ముఖ్యం, గులాబీ గీస్తే చాలా ముఖ్యం, ఆకుపచ్చ గీస్తే తప్పకుండా అడుగుతారట. చివరికి తెల్లగా మిగిలేది పేజీ నంబరొక్కటే. ఇంత పసుపు పూసి పెళ్లికూతుర్ని చేసిన పుస్తకం పీటల మీద బాగానే కూర్చుంటుంది గానీ, పరీక్ష హాల్లోకి కాపురానికి రాదండీ.

మొన్న వైవాలో, అంటే నోటి పరీక్షలో, ఒకమ్మాయిని, "గుండె జబ్బుకి వాడే డిగాక్సిన్ ఇచ్చే ముందు ఏం చూడాలమ్మా?" అని అడిగాను. సీలింగ్ ఫ్యాను వైపు చూసి, "ఎడమ పేజీ మేడం, కింది నుంచి మూడో లైను, గులాబీ రంగులో ఉంది" అంది.

"అక్కడ ఏముంది?"

"గులాబీ రంగే మేడం."

పాపం, అబద్ధం చెప్పలేదు. తమరు నేర్పింది అంతే. ఆ రంగు కింద ఉన్న సంగతేమిటంటే, గుండె కొన దగ్గర స్టెతస్కోపు పెట్టి పూర్తిగా ఒక నిమిషం పల్స్ లెక్కపెట్టాలి. పెద్దవాళ్లకు 60 కన్నా తక్కువ వస్తే మందు ఆపి డాక్టరుకు చెప్పాలి. ఒంట్లో పొటాషియం తగ్గి ఉంటే మామూలు డోసు కూడా వికటించవచ్చు. వార్డులో పేషెంటు ఛాతీ మీద తమరి గీత ఉండదు కదా.

ఇది నా సొంత కక్ష అనుకోకండి. 2013లో మనస్తత్వ శాస్త్రవేత్త జాన్ డన్‌లాస్కీ, ఆయన సహచరులు పది చదువు పద్ధతుల్ని పరిశీలించి, తమర్నీ, చదివిందే మళ్లీ చదవడాన్నీ అడుగు వరసలో కూర్చోబెట్టారు. పుస్తకం మూసి తనను తాను ప్రశ్నించుకోవడానికీ, రోజుల ఎడం ఇచ్చి చదవడానికీ పెద్దపీట వేశారు. అంతకుముందు 2006లో రోడిగర్, కార్పికె అనే మరో ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు చేసిన ప్రయోగమైతే తమ బంధువైన మళ్లీ చదవడాన్ని ఊరించి మరీ దింపేసింది. చదివిందే చదివినవాళ్లు ఐదు నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో ముందున్నారు. వారం తర్వాత పెట్టిన పరీక్షలో మాత్రం, గుర్తున్నది చూడకుండా రాసుకున్నవాళ్లే గెలిచారు. చదివిన ఐదు నిమిషాలకే సెమిస్టర్ పరీక్ష పెట్టే యూనివర్సిటీ ఏదైనా ఉంటే తమరు అక్కడికి దయచేయండి, పిల్లల్ని నేనే రైలెక్కిస్తాను.

రైలంటే గుర్తొచ్చింది. ఇచ్ఛాపురం నుంచి రోజూ వచ్చే ఒక పిల్ల తమ ముఖం కూడా చూడదు. పాత శుభలేఖలు చీటీలుగా కత్తిరించి, ఒకవైపు రక్తం గడ్డకట్టనివ్వని మందు 'హెపారిన్' అని, వెనక దాని విరుగుడు 'ప్రోటమిన్ సల్ఫేట్' అని రాసుకుంటుంది. అలాంటి మందే 'వార్ఫరిన్' వెనక 'విటమిన్ కె'. వెనక్కి తిప్పే ముందు జవాబు తనే చెప్పి తీరాలి, అదీ ఆమె పెట్టుకున్న రూలు. వచ్చినవి అడుగుకి, రానివి పైకి. పేరు చివర 'ప్రిల్' ఉన్న బీపీ మందులకు పొడి దగ్గు ఎందుకొస్తుందో ఒక చీటీ మీద రాసుకుంది, ఒంట్లో బ్రాడికైనిన్ అనే రసాయనం పేరుకుపోవడం వల్ల అని. కారణం తెలిసింది గనక, దగ్గు పట్టుకున్నవాళ్లకు దాన్ని అలా పేరబెట్టని 'సార్టన్' మందు ఎందుకు రాస్తారో బట్టీ పట్టే పని తప్పింది. చీటీ మీద వధూవరుల పేర్లు ఇంకా కనిపిస్తుంటాయి, అది వేరే సంగతి.

సెలైన్ చుక్కల లెక్క దగ్గర తమరి ప్రతాపం మరీ చూడముచ్చట. సూత్రం చుట్టూ మూడు రంగులు, లెక్క చేసిన పాపాన మాత్రం ఎవరూ పోలేదు. 1000 మి.లీ. 8 గంటల్లో వెళ్లాలి, సెలైన్ గొట్టం సెట్టు మి.లీ.కి 20 చుక్కలది. 20,000ని 480 నిమిషాలతో భాగిస్తే నిమిషానికి 42 చుక్కలు. ఇది పెన్సిలుతో రోజుకొకటి చేస్తే వచ్చే విద్య. గీస్తే రాదు.

మా ఆంధ్రా-ఒడిశా సరిహద్దు వార్డుల కష్టం కూడా తమరు ఆలకించాలి. పుస్తకం ఇంగ్లిషులో, పేషెంటు ఒడియాలో, కొండ దిగొచ్చిన ముసలమ్మ సవరలో, పిల్లల టెన్షన్ మాత్రం తెలుగులో. అందుకని పర్లాకిమిడి నుంచి వచ్చిన ఒకమ్మాయికి సెలవుల్లో ఒక పని అప్పజెప్పాను: హార్ట్ ఫెయిల్యూర్ పాఠం అమ్మమ్మకు చెప్పి రమ్మన్నాను. ఆవిడ ఊరుకుంటుందా? "గుండె పాడైతే కాళ్లెందుకు వాస్తాయే? ఉప్పు నేనేం పాపం చేశానని మానాలే?" అని నిలదీసింది. గుండె సరిగా తోయకపోతే రక్తం వెనక నిలిచిపోయి నీరు కాళ్లలోకి ఊరుతుందని, ఉప్పు ఆ నీటిని ఒంట్లోనే పట్టి ఉంచుతుందని చెప్పి ఒప్పించేసరికి దానికి చెమటలు పట్టాయి. అంత కఠినమైన ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ మా కాలేజీకి ఇంతవరకు రాలేదు.

పరీక్ష ముందు రాత్రి తెల్లార్లూ టీ తాగి తమరితో జాగారం చేసేవాళ్ల గురించి వేరే చెప్పను. వాళ్ల జవాబు పత్రాలు నేను దిద్దుతున్నాను.

తమర్ని ఉద్యోగంలోంచి పూర్తిగా తీసేయడం లేదు. చిన్న పోస్టు ఒకటి ఖాళీ ఉంది: పుస్తకం మూసి తెల్లకాగితం మీద గుర్తున్నదంతా రాశాక, మళ్లీ తెరిచి చూసుకున్నప్పుడు, తప్పిపోయిన మాట మీద మాత్రమే ఒక గీత. అంతకుమించి ఒక్క అక్షరం ముట్టుకోకూడదు. జీతం తక్కువ. సమ్మతమైతే సోమవారం చేరండి, వచ్చేటప్పుడు మూత పెట్టుకుని రండి. యూనిఫాం జేబులకు పట్టిన మరకలు ఎన్ని ఉతుకులకూ వదలడం లేదు.

ఇట్లు,
రెండో సంవత్సరం పిల్లల ట్యూటర్