బాధను ఎవరూ కోరి పట్టుకోరు

"ఎన్నిసార్లు చెప్పినా మారదు, ఆమెకు ఏడవడమే ఇష్టం" అని మా స్నేహితురాలి గురించి నలుగురు అనుకుంటుండగా విన్నాను. అన్నవారు చెడ్డవారు కారు. ఏళ్ల తరబడి ఆమెకు ధైర్యం చెప్పి, చెప్పి, విసిగిపోయినవారు. అయినా బాధలో కూరుకుపోయిన మనిషి మీద మోపే నిందల్లో ఇంతకంటే అన్యాయమైనది మరొకటి లేదని నేను నమ్ముతున్నాను.

ఆమె చిన్నప్పుడు తండ్రి అడుగుల చప్పుడును బట్టే ఆ సాయంత్రం ఎలా గడుస్తుందో పసిగట్టేది. మెట్ల మీద అడుగు బరువుగా పడితే పుస్తకాలు సర్దుకుని మూలకు చేరాలి, తేలికగా పడితే కాసేపు ఊపిరి పీల్చుకోవచ్చు. అన్నిటికంటే ఎక్కువగా భయపెట్టింది నిశ్శబ్దం, ఎందుకంటే ప్రతి గొడవకూ ముందు ఇల్లు అలాగే ఉండేది. ఇప్పుడు ఆమెకు నలభై దాటాయి, భర్త గొంతు పెంచి ఎరుగడు. కానీ అతను ఒక పూట మౌనంగా ఉంటే చాలు, "నా వల్ల ఏం తప్పు జరిగింది" అని పదేపదే అడిగి, అతని జవాబు నమ్మలేక, చివరికి తానే ఒక తగువు తెచ్చుకుంటుంది. తగువు మొదలైన క్షణంలో, అప్పటిదాకా బిగుసుకుని ఉన్న ఆమె భుజాలు మెల్లగా కిందికి దిగడం నేను కళ్లారా చూశాను. ఆ కాస్త ఊరటనే చూసినవారు ఇష్టమని పొరబడుతున్నారు.

లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 45 మందితో చేసి 2016లో ప్రచురించిన ఒక ప్రయోగం ఈ ఊరటకు అర్థం చెబుతుంది. కంప్యూటర్ తెర మీద కనిపించే రాయి కింద పాము ఉందో లేదో ఊహించాలి, ఉంటే చేతికి నొప్పి పుట్టేలా కరెంటు షాక్ తగులుతుంది. చెమటనూ కంటిపాపనూ కొలిచి చూస్తే, షాక్ తప్పదని ఖాయంగా తెలిసినప్పటి కంటే, వచ్చే అవకాశం సగానికి సగం ఉన్నప్పుడే ఒత్తిడి అత్యధికంగా కనిపించింది. అంటే ఖాయంగా తగిలే దెబ్బ కంటే, తగులుతుందో లేదో తెలియని దెబ్బ కోసం ఎదురుచూపే శరీరానికి ఎక్కువ భారం. అలాంటప్పుడు, ఎప్పుడు విరుచుకుపడుతుందో తెలియని ప్రశాంతత కంటే ఆనుపానులన్నీ తెలిసిన గొడవ వైపు మనసు మొగ్గడంలో వింత ఏముంది?

నన్ను నేను మినహాయించుకోవడం లేదు. "ఒకసారి మాట్లాడాలి" అని ఎవరైనా మెసేజ్ పెడితే, విషయమేమిటో అడగకముందే నా వేళ్లు "క్షమించండి" అని టైప్ చేసేస్తాయి. చెరిపేస్తాను, మళ్లీ రాస్తాను, మళ్లీ చెరిపేస్తాను. ఏ తప్పూ చేయలేదని బుద్ధికి తెలుసు, కడుపుకు మాత్రం తెలియదు. మనలో చాలామందికి తమ గురించి ఒక తీర్పు చాలాకాలం కిందటే రాసిపెట్టి ఉంటుంది, ఆ తీర్పుకు సరిపోయే మాటలే నిజమనిపిస్తాయి. తమను తాము తక్కువగా చూసుకునేవారు మెచ్చుకునేవారి కంటే తమలోని లోపాలను ఎత్తిచూపేవారి సాంగత్యం వైపే మొగ్గడం మనస్తత్వ శాస్త్రవేత్త విలియం స్వాన్ పరిశోధనల్లో కనిపించింది. పొగడ్త హాయిగానే ఉంటుంది, కాని మరెవరి గురించో అన్నట్టు ఉంటుంది.

1967లో మార్టిన్ సెలిగ్మన్, స్టీవెన్ మేయర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు కుక్కల మీద చేసిన ప్రయోగాల గురించి చాలామంది వినే ఉంటారు. ఏం చేసినా ఆగని షాక్‌లకు గురైన కుక్కలు, తరువాత చిన్న అడ్డు దాటితే తప్పించుకోగలిగే పెట్టెలో కూడా చాలావరకు కదలకుండా పడి ఉన్నాయి. ఆ మూగజీవాలకు కలిగించిన హింస నాకు ఎన్నటికీ సమ్మతం కాదు. అయితే అంతగా ప్రచారంలోకి రాని తరువాతి భాగం మనకు అవసరం. ఆ కుక్కలను మాటతో పిలిస్తే రాలేదు, ఆహారం చూపినా రాలేదు. మెడకు పట్టీ కట్టి ఆ అడ్డు దాటించి ఇవతలికి లాగవలసి వచ్చింది, అదీ ఒకటి రెండుసార్లు కాదు, పదులసార్లు. అప్పుడు గాని తమంతట తాము దూకలేదు. దాదాపు యాభై ఏళ్ల తరువాత, 2016లో, ఆ ఇద్దరే తమ తొలి సిద్ధాంతం తలకిందులుగా ఉందని ఒప్పుకున్నారు. ఎడతెగని బాధలో చేతులెత్తేయడం నేర్చుకున్న గుణం కాదని, అది మెదడు సహజ స్పందనేనని, పరిస్థితి తన చేతిలో ఉందన్న సంగతినే అది నేర్చుకోవలసి ఉంటుందని తేల్చారు.

ఇది చదివాక "మనసు మార్చుకో" అని ఎవరితోనైనా అనడానికి నాకు నోరు రావడం లేదు. 21 రోజుల్లో అలవాటు మారుతుందని చెప్పేవారి మీద కోపం కూడా వస్తోంది. భోజనంతో పాటు మంచినీళ్లు తాగడం వంటి సాదాసీదా పనులు అలవాటు కావడానికే సగటున 66 రోజులు పట్టిందని, కొందరికి 254 రోజుల దాకా పట్టవచ్చని లండన్‌లోనే 96 మందితో చేసిన మరో అధ్యయనం లెక్కగట్టింది. అలాంటిది ఊహ తెలిసిన నాటి నుంచి ఒంట్లో పాతుకుపోయిన భయం మూడు వారాల్లో పోవాలని ఏ నోటితో అడుగుతాం? ఇక్కడే మరో మాట చెప్పాలి. నిజంగానే కొట్టే మనిషితో, చేతిలో డబ్బు లేక, వెళ్లడానికి చోటు లేక ఉండిపోయినవారి ముందు మనస్తత్వం గురించి మాట్లాడటం తప్పు. వారికి ముందు కావలసింది తలదాచుకునే చోటు.

తలుపు తెరిచే ఉన్నా గడప దాటలేనివారికి మాత్రం కావలసింది బోధ కాదు, అనుభవం. మౌనం తరువాత తుపాను రాలేదని, కాదు అని చెప్పినా ఎదుటి మనిషి వెళ్లిపోలేదని వారి శరీరం స్వయంగా, పదేపదే చూడాలి. అంతకాలం పక్కన ఉండేవారు కావాలి. విసుగు వస్తుంది, నాకూ వచ్చింది. ఆ విసుగును వారి స్వభావం మీదికి నెట్టకుండా ఉండగలిగితే అదే పెద్ద సాయం.

మొన్న సాయంత్రం ఆ స్నేహితురాలు ఫోన్ చేసింది. భర్త కిటికీ పక్కన మాట్లాడకుండా కూర్చుంటే, ఏమీ అడగకుండా పక్క గదిలో పది నిమిషాలు ఉండగలిగానని చెప్పింది. ఆ పది నిమిషాలూ గడియారం వైపే చూస్తూ కూర్చుందట, అరచేతులు తడిసిపోయాయట. పదకొండో నిమిషంలో వెళ్లి అడిగిందట. అతనికి తలనొప్పిగా ఉందట.