కడుపు చెడినప్పుడు నీళ్లు మానకండి: తిరుగుతున్న ఆరు సూత్రాలకు జవాబు

విదేశానికి బయలుదేరేవాళ్లకు ఈమధ్య ఫోన్లో ఒక సందేశం అందుతోంది. 'పరాయి దేశంలో కడుపు చెడకుండా ఆరు సూత్రాలు' అని దాని పేరు. నాకే నాలుగుసార్లు వచ్చింది, నాలుగుసార్లూ నా క్షేమం కోరేవాళ్లే పంపారు. అందులో ఉన్నది క్లుప్తంగా ఇది: జాగ్రత్తగా ఉండేవాళ్లకు ఈ జబ్బు రాదు. సీసా నీళ్లు తాగితే చాలు. ఒకవేళ వస్తే ఆఖరుసారి తిన్న భోజనమే కారణం. భోజనంతో పాటు కాస్త మద్యం పుచ్చుకుంటే క్రిములు చస్తాయి. మొదటి విరేచనానికే యాంటీబయాటిక్ మొదలుపెట్టాలి. విరేచనాలు కట్టేదాకా నోట్లో ఏమీ పడనివ్వకూడదు.

నీళ్ల సంగతి సగం నిజం. మిగతా అయిదూ తప్పు. వాటిలో చివరిది మనిషి ప్రాణం మీదికి తెచ్చేది కాబట్టి వరుస తప్పించి దానితోనే మొదలుపెడతాను.

"కడుపు ఖాళీగా ఉంటే పోవడానికి ఏమీ ఉండదు" అంటుంది సందేశం. రెండేళ్ల కిందట ఒక ప్రయాణంలో ఈ మాట నమ్మిన మనిషిని నేను దగ్గరి నుంచి చూశాను. యాభై దాటిన ఆయన మా బృందంలోనే ఉన్నారు, పక్క గది. పొద్దున్న అల్పాహారానికి రాకపోతే వెళ్లి తలుపు తట్టాను. తలుపు తీయడానికి చాలాసేపు పట్టింది. మంచం పక్కన బల్ల మీద రెండు నీళ్ల సీసాలు, రెండింటికీ మూత తీయలేదు. "తాగితే మళ్లీ వెళ్లాల్సి వస్తుందని ఆపుకున్నాను" అన్నారు. ఆ నాలుగు మాటలకే నాలుక అంగిలికి అంటుకుపోతోంది. కళ్లు లోపలికి పోయాయి. పొట్ట మీద చర్మాన్ని రెండు వేళ్లతో పట్టి వదిలితే ఆ మడత వెంటనే సర్దుకోలేదు, అలాగే నిలబడి మెల్లగా దిగింది. ముందురోజు రాత్రి పదకొండు తర్వాత మూత్రమే రాలేదన్నారు. నిలబడబోయి గోడ పట్టుకున్నారు. ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించాక మధ్యాహ్నానికి మాట తేటపడింది. ఆయనను అంతవరకు తెచ్చింది క్రిమి ఒక్కటే కాదు. తాగని ఆ రెండు సీసాలు కూడా.

నీళ్ల విరేచనంలో పోయేది మనం ఇప్పుడు తాగిన గ్లాసెడు నీళ్లని చాలామంది అనుకుంటారు. పోయేది రక్తంలో నుంచి, ఒంట్లో నుంచి వచ్చిన నీరు. ప్రయాణికుల్లో తరచుగా కనిపించే ఈ.కోలై అనే బ్యాక్టీరియా రకం ఒకటి పేగులో విషపదార్థాన్ని వదులుతుంది. దాని ప్రభావంతో పేగు గోడ ఉప్పునూ నీటినీ లోపలికి పీల్చుకోవడం తగ్గించి, బయటికి వదలడం మొదలుపెడుతుంది. నోరు కట్టుకుని కూర్చున్నంత మాత్రాన ఆ ధార ఆగదు. ఒంట్లో నిల్వ మాత్రం తరిగిపోతూ ఉంటుంది. "లంఖణం పరమౌషధం" అన్న సామెతను ఇక్కడికి తెచ్చుకోకూడదు.

మన అదృష్టం ఏమిటంటే, పేగులో ఒక ద్వారం అప్పుడు కూడా తెరిచే ఉంటుంది. గ్లూకోజూ సోడియమూ కలిసి వస్తే పేగు వాటిని జంటగా లోపలికి తీసుకుంటుంది, వాటి వెంట నీరు కూడా వెళుతుంది. రాబర్ట్ క్రేన్ అనే శాస్త్రవేత్త 1960లో వివరించిన విషయం ఇది. దాని విలువ లోకానికి తెలిసింది 1971లో. బంగ్లాదేశ్ యుద్ధ శరణార్థులతో కిక్కిరిసిన పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్ శిబిరంలో కలరా చెలరేగింది, సెలైన్ సీసాలు నిండుకున్నాయి. అక్కడ పనిచేస్తున్న వైద్యుడు దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజ్, వంటసోడా నీళ్లలో కలిపించి రోగుల బంధువుల చేతనే తాగించారు. నూటికి ముప్పై దాకా ఉన్న మరణాలు నాలుగు లోపుకు దిగాయి. 1978లో లాన్సెట్ వైద్య పత్రిక, ఉప్పూ గ్లూకోజూ జంటగా పేగులోకి వెళతాయన్న ఈ సంగతిని ఆ శతాబ్దపు అతి ముఖ్యమైన వైద్య పురోగతి కావచ్చునని రాసింది. ఇప్పుడు ఓఆర్‌ఎస్ పేరుతో పొడిగా దొరికే, ఎక్కడికి వెళ్లినా సంచీలో నాలుగు పొట్లాలు పెట్టుకోగలిగిన ఈ మందును వదిలేసి, "ఏమీ తాగకండి" అని ఒకరికొకరం పంపుకుంటున్నామంటే నాకు నిజంగా బాధ కలుగుతుంది.

2002 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం ఓఆర్‌ఎస్‌లో లీటరు నీటికి ఉప్పు 2.6 గ్రాములు, గ్లూకోజ్ 13.5 గ్రాములు, పొటాషియం క్లోరైడ్ 1.5 గ్రాములు, సిట్రేట్ 2.9 గ్రాములు. పొట్లం మీద ఎంత నీటిలో కలపమని ఉంటే అంతలోనే కలపాలి. సగం నీటిలో చిక్కగా కలిపితే ఉప్పు ఎక్కువై మేలుకు బదులు కీడు చేస్తుంది. పొట్లం దొరకనప్పుడు లీటరు శుభ్రమైన నీటికి ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు, రెండూ తలగొట్టి కొలవాలి. పెద్దవాళ్లు ప్రతి విరేచనం తర్వాత ఒక గ్లాసు తాగాలి, దాహం ఉంటే ఇంకా తాగవచ్చు. రెండేళ్లలోపు పిల్లలకు 50 నుంచి 100 మిల్లీలీటర్లు చెంచాతో కొద్దికొద్దిగా పట్టాలి, తల్లిపాలు ఆపకూడదు. వాంతి అయితే పది నిమిషాలు ఆగి మళ్లీ గుక్క గుక్కగా మొదలుపెట్టాలి. కూల్‌డ్రింకులు దీనికి ప్రత్యామ్నాయం కావు. వాటిలో చక్కెర మరీ ఎక్కువ, ఉప్పు దాదాపు ఉండదు. అంత చక్కెర పేగులోకి చేరితే నీటిని ఇంకా తన వైపు లాక్కుంటుంది. ఇక తిండి సంగతి. ఆకలి వేసినప్పుడు తేలికైనది తినాలి. పేగు లోపలి పొర కోలుకోవడానికి కూడా ఆహారం కావాలి.

తర్వాత యాంటీబయాటిక్. "మొదటి విరేచనానికే వేసేయండి, ప్రయాణం పాడుకాదు" అన్న సలహా నమ్మకంగా వినిపిస్తుంది. అందులో ఒక నిజం కూడా ఉంది. ప్రయాణికుల విరేచనాల్లో పదింట ఎనిమిది తొమ్మిది బ్యాక్టీరియా వల్ల వచ్చేవే, తీవ్రమైన జబ్బులో సరైన మందు రోజులను తగ్గిస్తుంది కూడా. నేను యాంటీబయాటిక్‌కు వ్యతిరేకిని కాను. మొదటి విరేచనానికే అనడానికి వ్యతిరేకిని. ఏ మందూ వేయకపోయినా బ్యాక్టీరియా వల్ల వచ్చినది సాధారణంగా మూడు నుంచి ఏడు రోజుల్లో, వైరస్ వల్ల వచ్చినది రెండు మూడు రోజుల్లో తగ్గిపోతుంది. వైరస్ మీద యాంటీబయాటిక్ అసలే పనిచేయదు.

మరి నష్టం ఏమిటి? ఫిన్లాండ్ పరిశోధకులు 430 మంది ప్రయాణికులను ప్రయాణానికి ముందూ తర్వాతా పరీక్షించి 2015లో ఫలితాలు ప్రకటించారు. చాలా యాంటీబయాటిక్‌లకు లొంగని ఒక రకం బ్యాక్టీరియా ఎంతమంది పేగుల్లో కొత్తగా చేరిందో చూశారు. విరేచనాలు రాక, మందూ వేసుకోనివాళ్లలో నూటికి 11 మంది. విరేచనాలు వచ్చి మందు వేసుకోనివాళ్లలో 21. విరేచనాలు వచ్చి యాంటీబయాటిక్ వేసుకున్నవాళ్లలో 37. మందు పేగుల్లోని మేలు చేసే బ్యాక్టీరియాను కూడా తుడిచేస్తుంది, ఖాళీ అయిన చోట మొండి రకాలు స్థిరపడతాయి. వాటిని ఆ మనిషి తనతో ఇంటికి తెచ్చుకుంటాడు. తర్వాత ఎప్పుడో మూత్రనాళంలో ఇన్‌ఫెక్షన్ వస్తే మామూలు మందులు పనిచేయకపోవచ్చు.

అంతర్జాతీయ ప్రయాణ వైద్య సంఘం పిలిచిన నిపుణులు 2017లో చేసిన విభజన నాకు నచ్చుతుంది, ఎందుకంటే అది విరేచనాల లెక్క అడగదు, మనిషి ఎలా ఉన్నాడని అడుగుతుంది. ఇబ్బంది ఓర్చుకోగలిగినదై, అనుకున్న పనులు సాగుతూ ఉంటే అది స్వల్పం, యాంటీబయాటిక్ వద్దు. పనులకు ఆటంకం అయితే మధ్యరకం, వాడవచ్చు. మంచం పట్టిస్తే తీవ్రం, అప్పుడు వాడాలి. రక్తం కలిసిన విరేచనాలు ఎప్పుడూ తీవ్రమైనవే. ఏ మందు అన్నది కూడా వెళ్లే చోటును బట్టి ఉంటుంది. ఆగ్నేయాసియాలో క్యాంపిలోబాక్టర్ అనే బ్యాక్టీరియా చాలావరకు సిప్రోఫ్లోక్సాసిన్‌కు లొంగడం మానేసింది, అందుకే అక్కడ అజిత్రోమైసిన్ వైపు మొగ్గుతారు. బయలుదేరే ముందే వైద్యుడిని కలిసి, ఏది, ఎప్పుడు, ఎన్ని రోజులు అని కాగితం మీద రాయించుకోవాలి. పక్కవాళ్ల దగ్గర మిగిలిన మాత్రలు పుచ్చుకోకూడదు.

"జాగ్రత్తగా ఉండేవాళ్లకు రాదు" అన్న మాట చూడటానికి నిరపాయంగా ఉంటుంది. నాకు మాత్రం అన్నిటికంటే ఎక్కువ కోపం తెప్పించేది ఇదే. జబ్బుపడిన మనిషి చేత తప్పు ఒప్పించే మాట ఇది. వెళ్లే చోటును, కాలాన్ని బట్టి, రెండు వారాల ప్రయాణంలో నూటికి 30 నుంచి 70 మంది దాకా దీని బారిన పడతారు. అంతమందీ అజాగ్రత్తపరులా? కాఠ్మండూలో చాలా ఏళ్లు ప్రయాణికులకు వైద్యం చేసిన డేవిడ్ ష్లిమ్ 2005లో ఈ ప్రశ్ననే పరిశీలించి, తిండి విషయంలో ప్రయాణికుడు తీసుకునే జాగ్రత్తలు జబ్బును ఆపుతాయనడానికి ఆధారం చాలా తక్కువని రాశారు. కారణం ఊహించడం కష్టం కాదు. వంటగదిలో చేతులు ఎవరు కడుక్కున్నారో, పచ్చి మాంసం కోసిన పలక మీద తర్వాత ఏమి తరిగారో, వండినది ఎంతసేపు బయట ఉందో బల్ల దగ్గర కూర్చున్నవాడికి కనిపించదు. పొగలు కక్కుతూ వచ్చినది తినడం, పండు తానే ఒలుచుకోవడం, సబ్బుతో చేతులు కడుక్కోవడం మంచివే, చేయాలి. అవన్నీ చేసినవాడికి కూడా రావచ్చని తెలిసి ఉండాలి. లేకపోతే సిగ్గుతో ఎవరికీ చెప్పకుండా గదిలో ఒంటరిగా పడి ఉంటాడు. నా సహప్రయాణికుడు ఆ రాత్రంతా నన్ను లేపకపోవడానికి చెప్పిన కారణం కూడా అదే: "నేనే ఏదో తప్పు తిని ఉంటాను, మిమ్మల్ని ఇబ్బంది పెట్టడం ఎందుకని."

సీసా నీళ్ల మాటకు వస్తే, మూత బిగుతు చెడని సీసా మంచిదే. లేదా నీళ్లు బాగా మరిగాక ఒక నిమిషం, 2000 మీటర్లకు మించిన ఎత్తులో మూడు నిమిషాలు మరగనిస్తే చాలు. అయితే సీసా నీళ్లే తాగుతూ అదే గ్లాసులో మంచుముక్కలు వేయించుకుంటే ఫలం లేదు, గడ్డకట్టినంత మాత్రాన క్రిములు చావవు. పైగా నీటి దారి ఒక్కటే కాదు. శుద్ధిచేసిన నీళ్లే వాడే పెద్ద విహార నౌకల్లో కూడా నోరోవైరస్ వందలమందిని పడగొట్టిన సందర్భాలు ఉన్నాయి. అది చేతుల ద్వారా, తలుపు పిడుల ద్వారా పాకుతుంది, వంద లోపు వైరస్ కణాలే జబ్బుకు చాలు. చేతులకు రాసుకునే ఆల్కహాల్ ద్రవం దాని మీద సరిగా పనిచేయదు. సబ్బూ నీళ్లే వాడాలి.

ఆఖరి భోజనం మీద నేరం మోపడం కూడా చాలాసార్లు తప్పే. ఆహారంలో ముందే తయారై ఉన్న స్టెఫైలోకాకస్ అనే బ్యాక్టీరియా విషం అయితే అరగంట నుంచి ఎనిమిది గంటల్లో వాంతులు పట్టిస్తుంది, అక్కడ అనుమానం న్యాయమే. నోరోవైరస్‌కు 12 నుంచి 48 గంటలు పడుతుంది. క్యాంపిలోబాక్టర్‌కు రెండు నుంచి అయిదు రోజులు. జియార్డియా అనే పరాన్నజీవికి వారం నుంచి మూడు వారాలు.

మద్యం గురించి ఎక్కువ చెప్పను. భోజనంతో పుచ్చుకునే మోతాదు పళ్లెంలోని క్రిములను చంపదు. మూత్రం ఎక్కువ చేసి ఒంట్లో నీటిని ఇంకా తగ్గిస్తుంది. నిజంగా కడుపుకు కాపలా కాసేది జీర్ణాశయంలోని ఆమ్లం. ఆమ్లం తగ్గించే మాత్రలు రోజూ వేసుకునేవాళ్లకు ఈ జబ్బు వచ్చే అవకాశం పెరుగుతుంది, ప్రయాణానికి ముందు ఆ సంగతి వైద్యుడితో మాట్లాడాలి.

ఆ ఆరు సూత్రాల్లో లేనివీ అవసరమైనవీ కొన్ని ఉన్నాయి. పేగు కదలికను నెమ్మదింపజేసే లోపెరమైడ్ మాత్ర పెద్దవాళ్లకు బస్సులో, విమానంలో ఆరు గంటలు కూర్చోవలసి వచ్చినప్పుడు ఉపయోగపడుతుంది. జ్వరం లేదా విరేచనంలో రక్తం ఉంటే యాంటీబయాటిక్ లేకుండా అదొక్కటే వాడకూడదు, చిన్నపిల్లలకు ఇవ్వకూడదు. రక్తం పడినా, గట్టి జ్వరం వచ్చినా, తాగినదంతా వాంతి అవుతున్నా, ఎనిమిది గంటలు మూత్రం రాకపోయినా, మగతగా ఉన్నా గదిలో ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి. పసిపిల్లలు, వృద్ధులు, గర్భిణుల విషయంలో ఇంకా త్వరగా వెళ్లాలి. మలేరియా ఉన్న ప్రాంతంలో జ్వరంతో విరేచనాలు వస్తే అది కడుపు జబ్బేనని తేల్చేసుకోకూడదు. మలేరియాలో కూడా విరేచనాలు కావచ్చు, రక్తపరీక్ష ఒక్కటే ఆ సంగతి చెబుతుంది.

తిరిగి వచ్చి పది రోజులయ్యాక కడుపుబ్బరం, జిడ్డుగా దుర్వాసనతో విరేచనాలు మొదలై వారాల తరబడి సాగితే జియార్డియాను అనుమానించి మలపరీక్ష చేయించాలి. టైఫాయిడ్ కూడా నెలరోజుల తర్వాత దాకా బయటపడవచ్చు. ప్రయాణం ముగిసింది కదా అని చాలామంది ఆ సంగతి వైద్యుడికి చెప్పరు. వైద్యుడు అడగకపోయినా ఏ దేశాలకు వెళ్లారో, ఏ తేదీన తిరిగి వచ్చారో, అక్కడ ఏ మందులు వేసుకున్నారో ముందే చెప్పండి.