బ్రాందీ తాగి కొండ దిగమనే మెసేజ్‌కి జవాబు

చార్‌ధామ్ సీజన్ మొదలైనా, మనాలీలో మంచు పడిందని టీవీలో చూపించినా ఫ్యామిలీ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరగడం మొదలవుతుంది. కొండల మీద తుఫానులో చిక్కుకుంటే ఏం చేయాలో ఎవరో మిలిటరీ డాక్టర్ చెప్పాడట. తుఫాను చెప్పి రాదు. ఎలాగైనా కిందికి దిగిపోవాలి, నీటి వెంబడి నడిస్తే ఊరొస్తుంది. రెండు గుక్కలు బ్రాందీ వేస్తే ఒళ్ళు వేడెక్కుతుంది. మొద్దుబారిన వేళ్ళను మంచుతో రుద్దాలి. దాహమేస్తే మంచు తినొచ్చు. కారులో ఉంటే అద్దాలు బిగించి హీటర్ వేసుకోవాలి. సిగ్నల్ లేకపోతే ఫోన్ దండగ. ఇందులో ఉన్నదున్నట్టు పాటించదగ్గది ఒక్కటీ లేదు. రెండు మూడైతే నేరుగా ప్రాణం తీసేవే.

తుఫాను చెప్పి రాదన్న మాట విశాఖ వాళ్ళ దగ్గర అనకండి. 2014 అక్టోబరు 8 నాటికే హుద్‌హుద్‌కి పేరు పెట్టారు, ఎటు వస్తోందో రోజూ చెప్పారు. 12న అది విశాఖ దగ్గర తీరం దాటింది. ఇక్కడ జనం కరెంటు లేక, నీళ్ళు లేక, విరిగిపడ్డ చెట్లు తీసుకుంటూ ఉంటే, ఆ తుఫాను బలహీనపడి ఉత్తరానికి సాగి నేపాల్ చేరింది. 14న అన్నపూర్ణ సర్క్యూట్ దారిలో 5,416 మీటర్ల ఎత్తున్న థొరాంగ్ లా కనుమ మీద అదే తేమ మంచై కురిసింది. కొన్నిచోట్ల మనిషెత్తు పడింది. అక్టోబరు అక్కడ ట్రెకింగ్‌కి మంచి సీజన్, దారి నిండా మనుషులు. కనీసం 43 మంది పోయారు. తుఫాను కబురు ముందే ఉంది, ఆ దారిలో నడుస్తున్నవాళ్ళకే చేరలేదు. అందుకే అక్టోబరులోనో మే నెలలోనో హిమాలయాలకి వెళ్ళేవాళ్ళు ఆ కొండ వాతావరణంతో పాటు బంగాళాఖాతం మీద కూడా ఓ కన్నేసి ఉంచాలి.

ఇక కిందికి దిగిపొమ్మనడం. ఎత్తు వల్ల తలనొప్పి, వాంతులు, ఆయాసం ముదిరితే కిందికి దిగాల్సిందే, అది నిజం. ఆ సలహాని తెచ్చి మంచు తుఫానుకి తగిలించారు. థొరాంగ్ లా మీద ఒక చిన్న టీ కొట్టు ఉంది. ఆ రోజు మంచులో చిక్కుకున్నవాళ్ళు కొందరు అందులో దూరారు. ఒకరి మీద ఒకరు పడుతూ, వణుకుతూ గడిపినా, అక్కడే ఆగినవాళ్ళు బతికి బయటపడ్డారు. దిగిపోదామని బయల్దేరినవాళ్ళలో చాలామంది ముక్తినాథ్ వైపు వాలులోనే పడిపోయారు. ముక్తినాథ్ అంటే మన వైష్ణవులు నూట ఎనిమిది దివ్యదేశాల్లో ఒకటిగా మొక్కే ఊరే. కనుమ నుంచి అక్కడికి పదహారు వందల మీటర్లకు పైగా దిగుడు. కురుస్తున్న మంచులో ముందు నడిచే మనిషి వీపు కనబడదు, నేలకీ ఆకాశానికీ తేడా తెలియదు, అడుగు నడుము దాకా దిగబడుతుంది. పైన పొడిగా నాలుగు గోడలుంటే, ఎంత ఇరుకైనా, తుఫాను తగ్గేదాకా కదలకూడదు.

నీటి వెంబడి నడవమన్న సలహాకి 2013 జూన్‌లో కేదార్‌నాథ్ చూస్తే చాలు. చోరాబారీ సరస్సు గట్టు తెగి మందాకిని ముంచెత్తినప్పుడు, ఏటి పక్కనే నడక దారి మీదున్న రాంబాడా అనే మజిలీ తుడిచిపెట్టుకుపోయింది. వానల్లో ఏటి ఒడ్డు కన్నా చెడ్డ దారి ఉండదు.

బ్రాందీతో వేడిగా అనిపించే మాట వాస్తవమే. మందు పడగానే చర్మం కింది రక్తనాళాలు వెడల్పవుతాయి, లోపలి వెచ్చని రక్తం పైకొస్తుంది, ముఖం కాగుతుంది. ఆ వేడంతా గాలిలోకి పోతుంది. గుండె, మెదడు ఉన్నచోట చల్లబడుతుంది. పైగా వణుకు తగ్గుతుంది, ఒళ్ళు వేడి పుట్టించుకునేదే వణుకుతో. ఇది చాలదన్నట్టు, దిగాలా ఆగాలా అని తేల్చుకోవాల్సిన బుర్ర మత్తులో ఉంటుంది. బ్రాందీ బదులు చక్కెర వేసిన టీ తాగండి.

మంచుతో రుద్దడం పాత వైద్యం. 1812లో రష్యా నుంచి వెనక్కి తిరిగిన నెపోలియన్ సైన్యంలో సర్జన్ లారే దీన్ని సిఫారసు చేశాడు. గడ్డకట్టిన వేలిలో సన్నటి మంచు పలుకులుంటాయి, రుద్దితే అవి కండని కోస్తాయి. మంట దగ్గర పెట్టినా ప్రమాదమే, స్పర్శ ఉండదు కాబట్టి కాలిందని తెలియదు. 37 నుంచి 39 డిగ్రీల గోరువెచ్చని నీళ్ళలో ముంచాలి. అది కూడా మళ్ళీ గడ్డకట్టదన్న నమ్మకం ఉంటేనే. ఇంకా నడవాల్సి ఉంటే పొడిగుడ్డ చుట్టి వదిలేయడమే మేలు.

మంచు తినడం గురించి ఒక లెక్క చాలు. కిలో మంచు కరిగి ఒంటి వేడికి రావడానికి దాదాపు 117 కిలో క్యాలరీలు కావాలి, తింటే అవి మన ఒంట్లోంచే పోతాయి. కరిగించుకుని తాగండి.

కారు సంగతి మాత్రం తేలిగ్గా తీసుకోకండి. 2022 జనవరిలో పాకిస్తాన్‌లోని మర్రీ దగ్గర మంచు చూడ్డానికి వచ్చి కార్లలో ఇరుక్కుపోయినవాళ్ళలో 22 మంది చనిపోయారు, కొందరు పిల్లలతో సహా. కార్బన్ మోనాక్సైడ్ పీల్చి పోయినవాళ్ళు వాళ్ళలో ఉన్నారని చెప్పారు. సైలెన్సర్ గొట్టం మంచులో కూరుకుపోతే పొగ బండిలోకే తిరిగొస్తుంది. ఆ వాయువుకి వాసన లేదు, నిద్ర పట్టినట్టే ఉంటుంది. ఇంజన్ వేసే ముందు ప్రతిసారీ దిగి గొట్టం చుట్టూ మంచు తవ్వాలి, గంటకి పది నిమిషాలకి మించి నడపొద్దు, గాలి కొట్టని వైపు అద్దం కొంచెం దించి ఉంచాలి.

ఫోన్ దండగేం కాదు. మీ సిమ్‌కి సిగ్నల్ లేకపోయినా వేరే కంపెనీ టవర్ అందితే ఎమర్జెన్సీ నంబరు 112 కలవొచ్చు. కాల్ వెళ్ళనిచోట కూడా ఒక్కోసారి ఎస్సెమ్మెస్ వెళ్తుంది. చలికి బ్యాటరీ పడిపోతుంది కాబట్టి ఫోన్ బ్యాగులో కాకుండా చొక్కా లోపల, ఒంటికి ఆనించి పెట్టుకోండి. శాటిలైట్ ఫోన్ ఆన్‌లైన్‌లో కొనుక్కోమని ఈమధ్య మెసేజ్‌కి తోక కూడా తగిలిస్తున్నారు. మన దేశంలో టెలికాం శాఖ అనుమతి లేకుండా అది దగ్గర ఉంటే పోలీసు కేసు అవుతుంది. దానికన్నా మెడలో ఒక విజిల్ వేసుకోండి. నిమిషంలో ఆరుసార్లు ఊది, ఒక నిమిషం ఆగి, మళ్ళీ ఆరుసార్లు. రాత్రయితే టార్చితో అదే లెక్క. అవతలి నుంచి నిమిషానికి మూడుసార్లు వినబడితే మీ సంగతి అందినట్టు.