అద్దె గొంతులపై ఒక శ్రోత వాంగ్మూలం

ఈ ఏడాది ఇప్పటికి 30 పుస్తకాలు చదివాను. ఒక్క పేజీ తిప్పలేదు. పొద్దున పార్కులో నాలుగు రౌండ్లు, ఆఫీసు బస్సు, రాత్రి వంటింట్లో చిక్కుడుకాయలకు ఈనెలు తీయడం. నా సాహిత్య వ్యాసంగమంతా ఈ మూడు చోట్లే సాగింది. "చదివాను అనకండి, విన్నాను అనండి" అని మా ఆవిడ అభ్యంతరం. దాని సంగతి తర్వాత చూద్దాం. ఇంత అనుభవం ఉన్నవాడు నోరు మూసుకుంటే ఆడియో పుస్తకాల రంగానికే నష్టం కనుక, నా అభిప్రాయాలు ప్రజల ముందు పెడుతున్నాను.

ముందుగా డిటెక్టివ్ శాఖ. కానన్ డాయిల్ రాసిన షెర్లాక్ హోమ్స్ కథలు 56, నవలలు 4. అన్నిటినీ నటుడు స్టీఫెన్ ఫ్రై చదివిన సంపుటం 2017లో వచ్చింది. దాదాపు 72 గంటలు. నిద్రాహారాలు మానితే మూడు రోజుల్లో అయిపోతుంది. అయిపోయాక ఏం చేయాలి? ఈ టెన్షన్ నా ఒక్కడిదే కాదు. 1893లో డాయిలే విసుగెత్తి హోమ్స్‌ని జలపాతంలో పడేస్తే, జనం ఊరుకోక 1903లో మళ్లీ పైకి తీయాల్సి వచ్చింది. 1930లో డాయిల్ పోయాక ఆ బాధ్యత మిగతావాళ్లు పంచుకున్నారు. తేనెటీగలు పెంచుకుంటూ ససెక్స్‌లో రిటైరైన హోమ్స్‌కి అప్పట్నుంచీ రోజూ డ్యూటీయే.

దీనికంతా మూలం ఒక రేకు పెట్టె. బయటికి రాని కేసుల కాగితాలు ఛారింగ్ క్రాస్‌లోని కాక్స్ అండ్ కో బ్యాంకులో ఓ పాత పెట్టెలో ఉన్నాయని 1922 నాటి కథలో, హోమ్స్ కేసులను మనకు చెప్పే అతని మిత్రుడు డాక్టర్ వాట్సన్ నోరు జారాడు. అంతే, అది అక్షయపాత్ర అయిపోయింది. ఇక ఎవరికి వాళ్లు వాట్సన్ రాతప్రతి దొరికిందంటూ బయల్దేరారు. 1974లో నికొలస్ మేయర్ బయటపెట్టిన "రాతప్రతి"లో హోమ్స్ వియన్నా వెళ్లి మనోవైద్యుడు ఫ్రాయిడ్ దగ్గర కొకైన్ మాన్పించుకున్నాడు. 2011లో ఆంథనీ హొరోవిట్జ్ రాసిన నవలకైతే డాయిల్ రచనల హక్కులు చూసే ఎస్టేట్ వారే ఆమోదముద్ర వేశారు. అందులో వాట్సన్ నూరేళ్లదాకా తెరవొద్దంటూ ఆ కథను అదే బ్యాంకుకు పంపిస్తాడు. నా సందేహం చిన్నది. ఇన్నేళ్లుగా లాకర్ అద్దె ఎవరు కడుతున్నారు? నాకు ఒక్క ఏడాది బకాయి పడితేనే నోటీసు వచ్చింది. కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్‌కు రాజు అనే అసిస్టెంటు ఉండేవాడు. అతనైనా ఏ సహకార బ్యాంకులోనో ఓ పెట్టె దాచి ఉంటే ఎంత బాగుండేది!

కాగితం మీద అనుకరణ ఇట్టే పట్టుబడుతుంది. చెవిలో పట్టుబడదు. హొరోవిట్జ్ నవల చదివింది నటుడు డెరెక్ జాకబీ. ఆయన డాయిల్ కథలూ చదివినవాడే. అదే గొంతు, అదే పొగమంచు, అదే గుర్రపు బండి. పప్పు మాడుతోందని మా ఆవిడ కేకేసేదాకా నేను డాయిల్‌లో ఉన్నానో హొరోవిట్జ్‌లో ఉన్నానో నాకే తెలియలేదు. "పొయ్యి ముందు నిలబడి మాడు వాసన పట్టలేని వాళ్లకి హోమ్స్ ఎందుకండీ?" అంది. దీనికి జవాబు బహుశా ఆ రేకు పెట్టెలోనే ఉండాలి.

రాత్రిపూట వినేవాళ్లది వేరే కష్టం. హత్య మొదటి అధ్యాయంలో, హంతకుడు చివరి అధ్యాయంలో, నిద్ర నాలుగో అధ్యాయంలో. అందువల్ల నాకు తెలిసిన హత్యలు బోలెడు. హంతకులే తక్కువ.

ఇక పాటగాళ్ల ఆత్మకథలు. ఇది చాలా గంభీరమైన విషయం. గొంతు మీద బతికిన మనిషి తన బతుకు చెప్పుకోవడానికి ఇంకొకరి గొంతు అద్దెకు తెచ్చుకోవచ్చా? ఎల్టన్ జాన్ 2019లో వచ్చిన తన పుస్తకానికి మొదటి మాటా చివరి మాటా తాను చదివి, మధ్యలో ఉన్న జీవితమంతా టారన్ ఎజర్టన్ అనే నటుడికి అప్పగించాడు. అదే ఏడాది సినిమాలో ఎల్టన్ వేషం వేసి, ఆ పాటలూ పాడింది ఆ కుర్రాడే. ఇంకొన్నాళ్లు పోతే ఎల్టన్ ఇంటి కరెంటు బిల్లు కూడా అతని పేరు మీదే వచ్చేలా ఉంది. బాబ్ డిలన్ జ్ఞాపకాలు నటుడు షాన్ పెన్ చదివాడు. (డిలన్ పాట విన్నవాళ్లు ఈ ఏర్పాటును తప్పుపట్టరు.) బ్రిట్నీ స్పియర్స్ ముందుమాట చదివి తప్పుకుంటే, మిగతాది నటి మిషెల్ విలియమ్స్ చదివింది. కీత్ రిచర్డ్స్ కథను ముగ్గురు పంచుకున్నారు. వాళ్లలో నటుడు జానీ డెప్ ఒకడు. కీత్‌ని చూసే సినిమాలో తన సముద్రపు దొంగ వాలకం నేర్చుకున్నానని చెప్పుకున్న మనిషి కనుక, అది గురుదక్షిణ కింద రాసుకోవచ్చు.

మొదట నాకు కోపం వచ్చింది. తర్వాత మన సంగతి గుర్తొచ్చి తగ్గాను. ఘంటసాల గొంతు ఎన్టీఆర్‌కీ సరిపోయింది, ఏఎన్నార్‌కీ సరిపోయింది. తెలుగులో కమల్‌హాసన్ మాట్లాడుతుంటే చాలా సినిమాల్లో అది బాలు గొంతే. మన దగ్గర గాయకులు నటులకు గొంతిచ్చారు. అక్కడ నటులు గాయకులకు గొంతిస్తున్నారు. ఎప్పటి బాకీయో ఎక్కడో తీరుతోంది. రసీదు రాసిచ్చి ఊరుకోవడం మర్యాద.

సొంతంగా చదివేవాళ్లతో ఇంకో చిక్కు. అమెరికన్ గాయని బార్‌బ్రా స్ట్రైశాండ్ 2023లో తన కథ తానే చదివింది. 48 గంటలు! తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌లో ఢిల్లీ వెళ్లి, తిరుగు ప్రయాణం చాలావరకు అయ్యేదాకా ఆవిడ చెబుతూనే ఉంటుంది. పక్క బెర్తు పెద్దావిడ కోడలి సంగతులు కూడా నాగపూర్ వచ్చేసరికి అయిపోతాయి. అందుకే కాబోలు ఒకటిన్నర స్పీడు కనిపెట్టారు. దాంతో 48 గంటలు 32కి దిగుతాయి నిజమే. కానీ తండ్రి పోయిన ఘట్టంలో సైతం మనిషి లాస్ట్ బస్సు వెళ్లిపోతున్నట్టు ఏడుస్తాడు.

ఈమధ్య ఓ యాప్‌లో యంత్రం చదివిన తెలుగు నవల కూడా విన్నాను. "డా." అని ఉన్నచోటల్లా "డా" అని ఆగిపోయింది. పాపం ఎంబీబీఎస్ చదివిన పాత్ర నవల పొడవునా "డా సుబ్బారావు"గానే మిగిలింది. అంతకంటే దాని గురించి మాట్లాడను.

అసలు కళ్లతో చదవడమే మధ్యలో వచ్చిన అలవాటని నా వాదన. 1935లో ఇంగ్లండులో చూపులేనివాళ్ల కోసం, ముఖ్యంగా యుద్ధంలో కళ్లు పోయిన సైనికుల కోసం, పుస్తకాలను గ్రామఫోన్ రికార్డులకెక్కించారు. ఒక్కో పక్క 25 నిమిషాలు. మొట్టమొదట వచ్చినవాటిలో అగాథా క్రిస్టీ రాసిన రోజర్ అక్రాయిడ్ హత్య నవల ఒకటి. కథ చెప్పే గొంతును ఎంతవరకు నమ్మాలన్నదే ఆ నవల్లో పేచీ. శ్రోతలకు తొలిపాఠంగా దాన్ని ఎంచిన మహానుభావుడెవరో గానీ, ఆయనకో నమస్కారం.

ఈ వాదన అంతటికీ అడ్డం మా అమ్మమ్మ. విజయవాడ రేడియోలో ఉషశ్రీ గారు రామాయణం చెబుతుంటే ఆవిడ బియ్యంలో రాళ్లు ఏరుతూ వినేది. స్పీడు పెంచడం లేదు, వెనక్కి తిప్పడం లేదు. సెల్లులు అయిపోతే ఆ వారం హనుమంతుడు సముద్రం మీదే ఉండిపోయేవాడు. అంతా విని, సగం కంఠతా వచ్చి కూడా, "రామాయణం చదివారా?" అని ఎవరైనా అడిగితే "చదవలేదమ్మా, ఉషశ్రీ గారు చెబితే విన్నాను" అనేది. ఆవిడ లెక్కన ఈ ఏడాది నేను చదివినవి సున్నా.

నిన్న రాత్రి చెవి నొప్పిగా ఉంటే పుస్తకాన్ని ఫోన్ స్పీకర్ మీదే పెట్టాను. యథాప్రకారం నాలుగో అధ్యాయంలో గురక. పొద్దున మా ఆవిడ కాఫీతోపాటు కిలో చిక్కుడుకాయలు కూడా తెచ్చి ముందు పెట్టింది. "చివరిదాకా నేనే విన్నాను. చంపిందెవరో తెలియాలంటే ఇవన్నీ వలవండి" అంది.

ఇప్పటికి సగం అయ్యాయి. తోటమాలి కాదట.