ఆరు కమాండ్లు, ఒక జిరాక్స్ షాపు

"మీ ఉబుంటు స్లో అయిపోయిందా? ఈ 6 కమాండ్లు కొట్టండి, రాకెట్‌లా పరిగెడుతుంది. పది మందికి పంపండి."

ఈ మెసేజ్ ఈ నెలలో నాకు నాలుగుసార్లు వచ్చింది. ఇంజినీరింగ్ బ్యాచ్ గ్రూపులో రెండుసార్లు, అపార్ట్‌మెంట్ గ్రూపులో ఒకసారి (అక్కడ ఉబుంటు, అంటే విండోస్ బదులు వేసుకునే లైనక్స్, వాడేది నేనొక్కడినే, ఎవరి కోసం పంపారో). ఆ మూడుసార్లూ చూసి ఊరుకున్నాను. నాలుగోసారి పంపింది విశాఖ డాబా గార్డెన్స్‌లో జిరాక్స్, డీటీపీ షాపు నడిపే మా బావ, వేలు విడిచిన మేనమామ కొడుకు. పంపి వెంటనే ఫోన్ చేశాడు. "ఏటి బావా ఇది, ఆరూ కొట్టీసేను, ఇప్పుడు ఏటీ పని చెయ్యట్లేదు."

ముందు చిల్లర పాయింట్లు తేల్చేస్తాను.

రెండోది, ఆప్ట్ క్లీన్. ఉబుంటులో సాఫ్ట్‌వేర్ ప్యాకేజీలను వేసేదీ, తీసేదీ ఆప్ట్. అది దించుకున్న ప్యాకేజీ ఫైళ్లను, అంటే డెబ్ ఫైళ్లను, ఈ క్లీన్ చెరిపేస్తుంది. డిస్కులో కాస్త చోటు వస్తుంది, స్పీడు రాదు. అసలు ఆప్ట్ కమాండుతో వేస్తే ఇన్‌స్టాల్ అయ్యాక డెబ్ ఫైళ్లను అదే తీసేస్తుంది, ఆప్ట్-గెట్ వాడేవాళ్లకే పోగవుతాయి. పోగైతే మాత్రం ఏమిటి? 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ తుఫాను వెళ్లాక, కరెంటు వచ్చినా నెట్ రాని రోజుల్లో, మా ఆఫీసులో పడిపోయిన ఒక మెషిన్‌ని పక్క మెషిన్ క్యాష్‌లో (దించుకున్నవి దాచే చోట) మిగిలిన డెబ్ ఫైళ్లతోనే లేపాం.

మూడోది, "ఆర్‌సీ అని కనిపించే ప్యాకేజీలు ర్యామ్ తినేస్తాయి." తినవు. ఆర్‌సీ అంటే తీసేసిన ప్యాకేజీ అని. అది పోయాక ఈటీసీ ఫోల్డర్లో మిగిలిపోయిన సెట్టింగుల ఫైళ్లవి. ఉంచుకున్నా, పర్జ్ చేసినా (సెట్టింగులతో సహా చెరిపేసినా) మీ ఇష్టం.

ఇక మొదటిది. "ఆటోరిమూవ్‌కి పర్జ్, మైనస్ వై తగిలించి రోజూ రాత్రి క్రాన్‌లో పెట్టండి. మీరు వాడనివి మాత్రమే పోతాయి." ఆటోరిమూవ్ అంటే అక్కర్లేని ప్యాకేజీలను ఆప్ట్ తీసేయడం, మైనస్ వై అంటే అడక్కుండానే అవుననడం, క్రాన్ అంటే చెప్పిన టైముకి కమాండు నడిపేది. మీరు ఏం వాడుతున్నారో ఆప్ట్‌కి ఎలా తెలుస్తుంది సార్? ఏ ప్యాకేజీని మీరు పేరు పెట్టి అడిగారు, ఏది ఇంకోదాని వెంట వచ్చింది, ఇంతవరకే అది రాసుకుంటుంది. వెంట వచ్చినదాన్ని ఇప్పుడు ఏ ప్యాకేజీ అడగట్లేదంటే దాని లెక్కలో అది అక్కర్లేనిది. మీరు దాన్ని రోజుకి యాభైసార్లు నడుపుతున్నా సరే.

బావ షాపులో జరిగింది అచ్చంగా ఇదే. ఎనిమిది పాస్‌పోర్ట్ ఫొటోలను ఒక షీటు మీద పేర్చే స్క్రిప్టు నేనే రాసిచ్చాను. అది పిలిచే చిన్న టూలు ఎప్పుడో ఒక ఫొటో ఎడిటర్ వెంట వచ్చింది. ఆ ఎడిటర్ వాడట్లేదని బావ మొన్న తీసేశాడు. రాత్రి 2 గంటలకు క్రాన్ లేచి టూలునీ పట్టుకుపోయింది. ఆప్ట్ హిస్టరీ లాగ్ తెరిస్తే టైముతో సహా కనిపించింది. పొద్దున్నే షాపు ముందు అడ్మిషన్ల కోసం ఫొటోలు కావాలని పిల్లలు, తల్లులు. స్క్రీన్ మీద "కమాండ్ నాట్ ఫౌండ్". ఆప్ట్‌ని తిట్టడానికి లేదు. మైనస్ వై లేకపోతే, ఏం తీస్తోందో జాబితా చూపించి మరీ అడిగేది. అప్పుడు ఆ టూలుకి ఒక్క ఆప్ట్-మార్క్ మాన్యువల్ (ఇది నేను అడిగిందే, తీయకు అని) కొడితే సరిపోయేది.

పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ ప్యాకేజీలు తయారుచేసేవాళ్లు, తమవాటిని ఆటోరిమూవ్ ముట్టుకోకుండా ఒక సెట్టింగు ఫైలు పెట్టి మరీ పంపుతారు. లేకపోతే కొత్త వెర్షన్ రాగానే పాత వెర్షన్ అక్కర్లేనిదైపోతుంది. అది పోతే పాత డేటాబేస్ తెరవడానికి ఏమీ మిగలదు. వాళ్లకున్న భయం మన ఫార్వర్డ్ మహానుభావుడికి లేదు.

టూలు మళ్లీ వేద్దామని బావ ఆప్ట్ ఇన్‌స్టాల్ కొట్టాడు. "కుడ్ నాట్ గెట్ లాక్" అంది. ఎవరి చేతిలో ఉందో కూడా చెప్పింది, వాటంతటవే అప్‌డేట్లు వేసే అనటెండెడ్ అప్‌గ్రేడ్స్ అని. పది నిమిషాలు ఆగితే అయిపోయేది. కానీ చేతిలో నాలుగో పాయింటు ఉందిగా: "లాక్ ఎర్రర్ వస్తే లాక్ ఫైలు డిలీట్ చేయండి." ఆ ఫైలు ఎవరూ వాడనప్పుడు కూడా అక్కడే పడి ఉంటుంది. దాని మీద నడుస్తున్న ప్రాసెస్ వేసుకున్న పట్టే తాళం. ఫైలు పీకేస్తే కొత్త ఫైలు పుడుతుంది, రెండో ప్రాసెస్ దాన్ని పట్టుకుంటుంది, ఇద్దరూ ఒకేసారి ఒకే ప్యాకేజీల పద్దు రాస్తారు. విశాఖలో డాల్ఫిన్స్ నోస్ కొండ పక్క నుంచి లోపలి హార్బర్‌కి పోయే ఇరుకు కాలువలోకి ఎదురెదురుగా రెండు ఓడల్ని వదిలినట్టు. అప్‌గ్రేడ్ మధ్యలో ఆగి, ఆప్ట్ కింద అసలు పని చేసే డీపీకేజీ నుంచి ఎర్రర్లు మొదలయ్యాయి. ఇక్కడైనా డీపీకేజీకి కాన్ఫిగర్ మైనస్ ఏ (సగంలో ఆగినవి పూర్తి చేయమని) కొట్టి ఉంటే చాలావరకు సర్దుకునేది.

లేదు, ఐదో పాయింటు కొట్టాడు. అసలు ఈ రాతంతా దీని కోసమే. "డీపీకేజీ ఎర్రర్ ఏది వచ్చినా, వార్ లిబ్ డీపీకేజీలో ఉన్న ఇన్ఫో ఫోల్డర్ ఖాళీ చేయండి. మళ్లీ కొత్తగా తయారవుతుంది."

ఎవరు తయారుచేస్తారు, మీ మేనత్తా? ఏ ప్యాకేజీ ఏయే ఫైళ్లు పెట్టిందో ఆ జాబితాలన్నీ ఉండేది ఆ ఫోల్డర్లోనే. వేసేటప్పుడు, తీసేటప్పుడు నడవాల్సిన స్క్రిప్టులూ అక్కడే. ఖాళీ చేస్తే ఎర్రర్ పోయే మాట నిజమే, ఎర్రర్ ఇచ్చిన స్క్రిప్టే పోయింది కదా. ఎలుకల బాధకు ఇల్లు తగలబెట్టుకోవడమంటే ఇదే.

ఆదివారం షట్టరు సగం దించి కూర్చున్నాం. ఎప్పుడో వేసి మర్చిపోయిన ఆడాసిటీ అనే ఆడియో ఎడిటర్‌ని తీసేయమన్నాను. బావ కమాండ్ కొట్టాడు. "రిమూవింగ్ ఆడాసిటీ" అని వచ్చింది, ప్రాంప్ట్ తిరిగొచ్చింది, అంతా పద్ధతిగానే ఉంది. ఇప్పుడు మెనూలో దాని ఐకాన్ నొక్కమన్నాను. నొక్కాడు. ఆడాసిటీ హాయిగా తెరుచుకుంది. బావ నా మొహం చూశాడు. పైకి స్క్రోల్ చేసి చూపించాను, పేజీలకు పేజీలు ఒకటే వార్నింగ్: ఈ ప్యాకేజీ ఫైళ్ల జాబితా లేదు, దీనికి ఫైళ్లేమీ లేవనే అనుకుంటున్నాను అని. ఫైళ్లే లేవనుకున్నాక అది చెరిపేదేముంది? పద్దులోంచి పేరు కొట్టేసి చేతులు దులుపుకుంది. ఆ ఫైళ్లు ఇక దిక్కులేనివి. ఏ క్లీనప్ కమాండూ వాటి జోలికి పోదు. శుభ్రం చేయడానికని ఇచ్చిన చిట్కా, శుభ్రం చేసే దారినే మూసేసింది.

బ్యాకప్ ఉంటుందేమోనని వార్ బ్యాకప్స్‌లో వెతికాను. ప్యాకేజీల స్టేటస్ పాత కాపీలు ఉన్నాయి, ఇన్ఫో లేదు. ఇన్ఫోని అక్కడ దాచరు. మిగిలింది ఒకటే దారి, ఉన్న ప్రతి ప్యాకేజీనీ రీఇన్‌స్టాల్ చేయడం. 2,000కి పైగా ఉన్నాయి. రాత్రి మొదలుపెడితే తెల్లారింది. కలర్ ప్రింటర్ డ్రైవర్ రిపాజిటరీలో (ఆప్ట్ ప్యాకేజీలు దించుకునే ఆన్‌లైన్ గోదాములో) దొరికేది కాదు, దాని డెబ్ ఫైలు బావ పాత పెన్‌డ్రైవ్‌లో దొరికింది. లేకపోతే ఇంకో రోజు.

ఆరో పాయింటు, బూట్ (మెషిన్ లేవడానికి కావాల్సిన ఫైళ్లుండే చోటు) నిండితే పాత కెర్నల్ (సిస్టమ్‌కి గుండెలాంటి ప్రోగ్రాం) ఫైళ్లను ఆర్ఎం కమాండుతో చెరిపేయమనేది. వద్దు. ఫైళ్లు పోయినా ఆ కెర్నల్ ఉందనే డీపీకేజీ నమ్ముతుంది. పొరపాటున వాడుతున్నదే చెరిపితే మరుసటి బూట్‌కి మీరూ రిపేరు షాపు వెతుక్కోవాలి. దీనికి సరైన మందు, ఇందాక నేను తిట్టిన ఆటోరిమూవే. నడుస్తున్న కెర్నల్‌నీ అన్నిటికన్నా కొత్తదాన్నీ ఉంచి, పాతవి తీస్తుంది. ఆఫీసులో నేను దాన్ని రెండేళ్లు ముట్టుకోలేదు. బూట్ నిండి, కెర్నల్ అప్‌డేట్ సగంలో ఆగి, ఒక మధ్యాహ్నమంతా దానికే పోయింది. కాబట్టి ఆటోరిమూవ్ వాడండి, పర్జ్‌తోనే వాడండి, నెలకోసారి, జాబితా చదివి, మీ చేత్తో వై నొక్కి. మెసేజ్‌లో ఈ కమాండైనా పనికొచ్చేదేనని ఒప్పుకుంటున్నాను.

ఒప్పుకోవాల్సింది ఇంకొకటి ఉంది. సోమవారం పొద్దున్న టీ తాగుతూ, "ఇంత తెలిసీ ఆ లాక్ ఫైలు ఎలా డిలీట్ చేశావు బావా" అని కాస్త గట్టిగానే అడిగాను. బావ ఏమీ అనకుండా ఫోన్ తీసి, మా ఇద్దరి చాట్‌లో లాక్ అని వెతికి, నా చేతికిచ్చాడు. 2017లో పంపింది. "లాక్ అంటే ఆ ఫైలు డిలీట్ కొట్టెయ్ బావా, ఏమీ కాదు." పంపింది నేనే.

డిలీట్ ఫర్ ఎవ్రీవన్ కొడదామంటే ఇప్పుడు ఆ ఆప్షనే రావట్లేదు.