రెండో పొయ్యి

కడపలో బుగ్గవంక పక్కన ఒక సందులో ఓ కాపురం రెండుగా చీలింది. కారణం ఆస్తి కాదు, బంగారం కాదు. నేను అడిగిన ఒక ప్రశ్న. అది కూడా నా సొంత ప్రశ్న కాదు, భారత ప్రభుత్వం వారిది.

2010 ఎండాకాలం. బడిపిల్లలకు సెలవులిచ్చారు, అయివార్లకు ఇవ్వలేదు. మరుసటి ఏడు జరిగే జనాభా లెక్కలకు ముందు ఇళ్ల లెక్క రాయాలన్నారు. ఒక సంచి, ఒక ప్యాడ్, మెడలో వేసుకునే కార్డు, 35 ప్రశ్నల ఫారం, దిండు కింద పెట్టుకోదగ్గంత సూచనల పుస్తకం చేతిలో పెట్టారు. ఈ దేశంలో 1872 నుంచి లెక్కలు రాస్తున్నారనీ, ఇది పదిహేనోసారి అనీ ట్రైనింగులో చెప్పారు. పద్నాలుగుసార్లు ఎవరికీ రాని కష్టం నాకే ఎందుకొస్తుందిలే అనుకున్నాను. ఫారాన్ని మడవొద్దు, నలపొద్దు, మరక పడనివ్వొద్దు, దాన్ని మిషన్ చదువుతుంది అని మాత్రం పదిసార్లు చెప్పారు. పసిబిడ్డను తల్లి చేతిలో పెట్టేటప్పుడు కూడా నర్సు అన్ని జాగ్రత్తలు చెప్పదు.

మొదట నక్షా గీయాలి. ఎన్ని ఇళ్లు, ఏ సందు ఎటు తిరుగుతుంది, గుడి ఎక్కడ, పీర్ల చావిడి ఎక్కడ, బోరింగు ఎక్కడ అన్నీ రావాలి. బడిలో పిల్లలకు పటం గీయడం నేర్పేవాణ్ణి కదా, ధీమాగా గీశాను. మా సూపర్‌వైజర్ ఆ కాగితాన్ని రెండు పక్కలా తిప్పి చూసి, సందు మలుపులో వేలు పెట్టాడు.

"ఇదేంది?"

"ఎనుము సార్. ఆ మలుపును అందరూ ఎనుము మలుపనే అంటారు."

"ఎనుము కదిలిపోతే?"

"ఏడేండ్ల నుంచి కదల్లేదు సార్."

కొట్టేయించాడు. సరిగ్గా ఆ ఎనుము కట్టేసిన ఇంట్లోనే నా కథ జరిగింది.

ఆ ఇంట్లో ఒక అవ్వ, ఆమె పెద్దకొడుకు, కోడలు, ఇద్దరు పిల్లలు. పెద్దకొడుకు ఆటో నడుపుతాడు. చిన్నకొడుకు కువైట్లో ఉన్నాడు. అప్పటి మా జిల్లాలో ఇది మామూలే. రాయచోటి, రాజంపేట వైపు పోతే కువైట్లో మనిషి లేని ఇల్లు వెతుక్కోవాలి. నేను పోయేసరికి అవ్వ వసారాలో చెనిక్కాయలు ఒలుస్తోంది.

"నేల దేంతో వేసినారు అవ్వా?"

"బండలు."

"పైకప్పు?"

"బండలే."

"గోడలు?"

"కండ్లు కనపడవా నాయనా? బండలే."

కడపలో ఇంత కన్నా సులువైన ఇల్లు ఉండదు. మూడు గడుల్లో ఒకే మాట. ఆ ఊపులో టీవీ ఉందా అని అడిగాను. లేదంది. లోపల ఎవరో అత్త, ఎవరో కోడల్ని ఇంట్లోంచి వెళ్లిపొమ్మని గట్టిగా ఏడుస్తూ అరుస్తోంది, మధ్యలో సబ్బు ప్రకటన కూడా వచ్చింది.

"మరి ఆ చప్పుడేంది అవ్వా?"

"పక్కింటోళ్లది."

పక్కిల్లు ఖాళీ. అంతకు ముందే దానికి తాళం ఉందని రాసుకున్నాను. తెల్ల కార్డు పోతుందని ఆమె భయం. ఇది 1948 చట్టం కింద రాసే లెక్క, ఇందులో చెప్పింది కోర్టులో సాక్ష్యంగా కూడా చెల్లదు, కార్డుకూ దీనికీ సంబంధం లేదు అని నచ్చజెప్పాను. ఆమె అంతా విని, "అయితే ఉంది, కానీ చెడిపోయింది" అంది. ఆ లెక్కల్లో దేశం మొత్తమ్మీద నూటికి 47 ఇళ్లలో టీవీ ఉన్నట్టు తేలింది. మా సందు నుంచి ఆ అంకెకు అన్యాయం జరిగిందనే నా అనుమానం.

ఇంతవరకు బాగానే ఉంది. అప్పుడు అడిగాను: "కుటుంబ పెద్ద ఎవరు?"

"నేనే" అన్నారు. ఇద్దరూ ఒకేసారి అన్నారు. అవ్వ వసారాలోంచి, కోడలు వంటింట్లోంచి.

"రేషన్ కార్డు నా పేరు మీద ఉంది" అంది అవ్వ.

"గ్యాస్ పుస్తకం నా పేరు మీద ఉంది సార్" అంది కోడలు.

"ఆ గ్యాస్ మీద వండే బియ్యం యాడివి?"

"ఆ బియ్యం ఉత్తగానే ఉడుకుతాయా?"

నేను కొడుకు వైపు చూశాను. అతను ఆటో ముందు చక్రం పక్కన కూర్చుని, దానికి గాలి ఉందో లేదో చాలాసేపు నొక్కి చూశాడు. సూచనల పుస్తకం తెరిస్తే, కుటుంబం ఎవరిని పెద్దగా ఒప్పుకుంటే వాళ్లే పెద్ద అని ఉంది. కుటుంబం ఒప్పుకోకపోతే ఏం చెయ్యాలో ఎంత వెతికినా దొరకలేదు. రేపొస్తానని చెప్పి బయటపడ్డాను. అక్కడే కూర్చుని ఏదో ఒక పేరు రాసేసి ఉంటే అంతటితో పోయేది. నిజాయితీకి పోయాను.

మరుసటి రోజు పొద్దున సందులో అడుగు పెట్టగానే అవ్వ కేకేసింది. "అయివారూ, ఒక సంసారం తక్కువ రాసుకున్నావు, రా!"

వసారాలో మూడు రాళ్లు, వాటి మధ్య కట్టెలు, పైన సట్టి, సట్టిలో సంగటి. "ఇది నా పొయ్యి. దీనికి పెద్దను నేను. ఇప్పుడు రాసుకో."

లెక్కల భాషలో కుటుంబమంటే రక్తసంబంధం కాదు, వంటిల్లు. ఒక పొయ్యి మీద వండుకుని కలిసి తింటే ఒక కుటుంబం. వంట వేరైతే కుటుంబం వేరు. ఈ సంగతి అవ్వకు ఎవరు చెప్పారో తెలియదు, సూచనల పుస్తకం చదవకుండానే నాకన్నా బాగా అర్థం చేసుకుంది. చేసేదేముంది, ఇంకో వరుస రాయడం మొదలుపెట్టాను. వంటచెరకు: కట్టెలు. వంటగది: లేదు, ఆరుబయట. గదులు ఎన్ని అంటే, "నడిమింట్లో సగం నాది, ఆ గడప దాకా" అంది. ఫారంలో సగాలకు చోటు లేదు. టీవీ ఎవరిదని అడిగాను. నిన్న లేని టీవీ ఇవాళ ఇద్దరిదీ అయింది.

మూడో రోజు కువైట్ నుంచి ఫోనొచ్చిందట. అత్తాకోడళ్లు కలిసి ఉంటేనే దుడ్లు పంపిస్తానన్నాడట చిన్నకొడుకు. రాళ్లు గోడ వారకు చేరాయి. ఆ సంతోషంలో నన్ను కూర్చోబెట్టి కారం దోసె పెట్టారు. వద్దంటే అవ్వ ఊరుకోలేదు. తింటూ ఫారం దిద్దుదామనుకోవడం నా బుద్ధి తక్కువ. ఎర్రకారం బొట్టు జారి సరిగ్గా కుటుంబాల వరుస మీద పడింది. తుడిస్తే పాకింది. నీళ్లు అద్దితే పక్క మూడు ఇళ్లకు పాకింది. ఆ నాలుగిళ్ల లెక్కనూ మిషన్ చదివితే నషాళానికంటడం ఖాయం.

కొత్త షీటు కోసం పోయి సూపర్‌వైజర్‌కు కథంతా చెప్పాను. ఆయన కళ్లద్దాలు తీసి, "అయ్యవారూ, ఆ ఇంటికి రోజూ ఎవరు పొమ్మన్నారు? పోయిన రోజు ఎట్లుందో అట్ల రాసి వచ్చేయాల. రోజూ పోతే రోజూ మారుతుంది. మా ఇంటికి పోయినా మారుతుంది" అన్నాడు.

ఆ ఏడు జూలైలో కడప జిల్లా పేరు వైఎస్ఆర్ జిల్లాగా మారింది. ఇళ్లు ఒక జిల్లాలో రాసి, మనుషుల్ని ఇంకో జిల్లాలో రాసినవాణ్ణి నేను. అదీ ఒక్క అడుగు పక్కకు వెయ్యకుండా.

2011 ఫిబ్రవరి 9న రెండో విడత మొదలైంది. ఈసారి 29 ప్రశ్నలు, కుటుంబానికో ఫారం. ఆ ఇంటి ముందు కాసేపు నిలబడి, దేవుని కడప వైపు తిరిగి దండం పెట్టుకుని లోపలికి పోయాను. మూడు రాళ్లు మళ్లీ వసారా మధ్యకు వచ్చి ఉన్నాయి. ఈసారి పొగకు నల్లబడి, స్థిరపడినట్టు కనిపించాయి. రెండు పొయ్యిలు, ఇద్దరు పెద్దలు, గొడవే లేదు అనుకున్నాను. కానీ కువైట్ కొడుకును ఇద్దరూ తమ పొయ్యి కిందే రాయమన్నారు.

నేను ఇద్దరికీ ఇవ్వలేదు. ఈ నెల 9 నుంచి 28 దాకా ఊళ్లోనే లేని మనిషిని ఇక్కడ రాయకూడదు, అది రూలు అన్నాను. అవ్వ లేచి నిలబడింది. కాలితో నేలను తట్టింది.

"ఈ బండలు వాడి దుడ్లతో వేసినవి. ఆ పైన బండలూ వాడివే. పోయినసారి బండలన్నీ రాసుకున్నావు. వాణ్ణి రాసుకోవా?"

పాతికేళ్లుగా పాఠాలు చెబుతున్నాను, ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. తర్వాత లెక్కలు తేలి జిల్లా జనాభా 28,82,469 అని వచ్చింది. ఆ అంకె ఎక్కడ చూసినా, చివర 70 ఉండాల్సింది కదా అని ఆ ముసలామె నా చెవిలో అంటున్నట్టే ఉంటుంది.

ఇక పని సంగతి. ఏడాదిలో ఆరు నెలలూ ఆపైన పని చేస్తే ఒక గడి, మూడు నెలల నుంచి ఆరు నెలల లోపు అయితే ఇంకో గడి, మూడు నెలలకూ తగ్గితే మరో గడి, ఏమీ చేయకపోతే నాలుగోది. వినడానికి సులువు. ఎదురింటి సెంట్రింగ్ మేస్త్రీని ఎన్ని నెలలు పని దొరికిందని అడిగితే, "ఉగాది నుంచి ఆషాఢం దాకా, మళ్లా రంజాన్ అయినాక పీర్ల పండగ దాకా" అన్నాడు. పీర్ల పండగ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. అతని పనిదినాలు తేల్చడానికి రెండు క్యాలెండర్లు, ఒక ఇమామ్ సాబ్ కావలసి వచ్చారు.

అవ్వను అడిగితే, "ముసల్దాన్ని, నాకేం పని నాయనా" అంది. రాయబోతుంటే మలుపులో ఎనుము అరిచింది. అప్పుడు గుర్తొచ్చింది. ఇంట్లో తాగడానికే అయినా సరే, పాడి చేసేవాళ్లను పని చేసేవాళ్లుగానే రాయాలి. అవ్వ పేరు పనివాళ్లలోకి ఎక్కింది. కోడలు తెల్లారకముందే లేచి కల్లాపి చల్లి, నీళ్లు పట్టి, వండి, పిల్లల్ని బడికి పంపి, గుడ్డలుతికి, ఆ చేతులు తుడుచుకుంటూనే నాకు జవాబులు చెబుతోంది. ఆమె ఎక్కాల్సింది 'పని చేయనివారు' అనే గడిలో. అంతటితో అయిపోదు. పని చేయనివాళ్లు ఏం చేస్తుంటారో ఇంకో గడిలో రాయాలి. అక్కడ 'ఇంటి పనులు' అని ఉంటుంది. రెండు గడులూ ఒకే ఫారంలో ఉన్నాయి. ఒకదాన్నొకటి చూసుకుంటూ ఎట్లా ఉన్నాయో నాకర్థం కాలేదు.

ఈ తమాషా అంతా ఇంటికి పోయి మా ఆవిడకు చెప్పాను. నవ్వుతుందనుకున్నాను. అదే నేను చేసిన అసలు తప్పు. ఆమె చాట పక్కన పెట్టింది.

"మరి మనింటి ఫారంలో నన్నేమని రాసినారు?"

"రూలు ప్రకారమే..."

"ఎనుముకు గడ్డేస్తే పనంట. మీకు సంగటి చేసి పెడితే పని కాదంట. గడ్డి తినుంటే మీకే మేలయ్యేది."

ఆ రోజు ఫిబ్రవరి 28. పని చేయని ఆమె, ఫారంలో రాసినట్టే, సాయంత్రం నుంచి పని చేయలేదు. వంటిల్లు చీకటిగా ఉంది. సరిగ్గా ఆ రాత్రే ఇల్లూ వాకిలీ లేనివాళ్లను లెక్క రాయాలి. బయట అరుగుల మీద, స్టేషన్లో, గుళ్ల ముందు పడుకునేవాళ్లంతా ఒక్క రాత్రిలో లెక్కకు రావాలి. రాత్రి పన్నెండు దాటేదాకా తిరిగాను. ఫారాలు, సంచి అన్నీ సూపర్‌వైజర్‌కు అప్పజెప్పాను. ఆకలికి కాళ్లు తేలిపోతున్నాయి. పాత బస్టాండ్ దగ్గర టీ కొట్టు తెల్లారుజామున తెరుస్తారని విని, మూసిన అంగడి మెట్ల మీద కూర్చున్నాను. తువ్వాలు కప్పుకుని అట్లాగే ఒరిగినట్టున్నాను.

"పెద్దాయనా, లెయ్, లెయ్. పేరేంది?"

కళ్లు తెరిస్తే మొహం మీద టార్చి. వెనకాల ప్యాడు, పెన్ను, మెడలో కార్డు. కుర్రాడు, కొత్తగా ఉద్యోగంలో చేరినట్టున్నాడు.

"నాయనా, నేను నీలాంటివాణ్ణే. నాది పక్క బ్లాకు."

"కార్డేది?"

మెడ తడుముకున్నాను. ఇంట్లో మేకుకు తగిలించి వచ్చాను.

"సరేలే. ఏం పని చేస్తావు?"

"లెక్కలు రాస్తాను."

"ఎన్నాళ్ల నుంచి? ఆరు నెలలు దాటిందా, లోపా?"

"ఎండాకాలంలో నెలన్నర, ఇప్పుడు ఇరవై రోజులు."

అతను జాలిగా చూశాడు. "ఇల్లుందా?"

"ఉంది."

"ఇల్లుంటే ఈ టైంలో ఇక్కడెందుకుండావు? ఇంట్లో అందరూ ఒకే పొయ్యి మీద తింటారా?"

"నిన్నటి దాకా తిన్నాం" అన్నాను.