పన్నెండో నంబరు మంచం గారికి విన్నపం

మహారాజశ్రీ పన్నెండో నంబరు మంచం గారి సముఖమునకు, ఒడిశా సరిహద్దు ఊరైన పర్లాకిమిడి వాస్తవ్యుడు నమస్కరించి వ్రాసుకొను విన్నపము.

ఆసుపత్రిలో చేరిన మనిషికి తల్లిదండ్రులు పెట్టిన పేరు గేటు దగ్గరే ఆగిపోతుందనీ, వార్డులో తమరి పేరే చెల్లుతుందనీ మా పిన్నిని కుడివైపు హెర్నియా ఆపరేషనుకు చేర్చినప్పుడు తెలుసుకున్నాను. "పన్నెండు ఏమీ తినలేదు కదా?" అని అడిగేవారే తప్ప, లక్ష్మి తిన్నదా అని అడిగినవారు లేరు. ఫ్యాను తిరగడం లేదని ఆ రాత్రి పిన్ని పదమూడుకు మారగా, పిత్తాశయంలో రాళ్ళున్న మరో లక్ష్మి తమరిని ఆశ్రయించింది.

తెల్లవారి స్ట్రెచరు తమరి దగ్గరికే వచ్చింది. "లక్ష్మేనా?" అని ఒడియాలో అడిగితే ఆవిడ తల ఊపింది. తెల్లకోటు ముందు మనవాళ్ళు దేనికైనా తల ఊపుతారు. లోపల మత్తు డాక్టరు గారు మాత్రం సూది పక్కన పెట్టి, "మీ పేరు, వయసు, ఏ ఆపరేషనో మీరే చెప్పండమ్మా" అన్నారు. ఆవిడ రాళ్ళ సంగతి చెప్పడంతో తమరి పెత్తనం బయటపడింది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో తెచ్చిన 19 అంశాల శస్త్రచికిత్స భద్రతా పట్టిక కోరేది ఇదే: మత్తు ఇవ్వకముందే రోగి ఎవరో, ఏ శస్త్రచికిత్సో, ఏ చోటో ఖాయం చేసుకోవాలి; కోతకు ముందు గదిలోని వారంతా ఒక్క క్షణం ఆగి ఆ మాటే మళ్ళీ పైకి చెప్పుకోవాలి. 8 నగరాల ఆసుపత్రులలో పట్టికను అమలుచేసి చూడగా శస్త్రచికిత్స రోగులలో మరణాలు 1.5 శాతం నుండి 0.8 శాతానికి తగ్గాయని 2009లో ప్రచురించారు. గుర్తింపుకు కనీసం రెండు ఆధారాలు ఉండాలనీ, మంచం సంఖ్య అందులో చేరదనీ రోగి భద్రతా నియమాలు చెబుతాయి. ఇది తమరికి అవమానమే, క్షమించండి.

కోయవలసిన వైపున, కడిగినా చెరగని సిరాతో, రోగి మెలకువగా ఉండగానే డాక్టరు గుర్తు పెట్టాలి. ఇంటూ గుర్తు పెడితే అది "ఇక్కడే" అనో "ఇక్కడ వద్దు" అనో ఎవరికి తోచినట్లు వారు చదువుకుంటారు. కేసుషీటులో ఇంగ్లీషు, నర్సమ్మ నోట ఒడియాలో "డాహాణ", పిన్ని నోట "కుడి" ఉండగా గుర్తు మరింత అవసరం. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు మా జమీందారీని చీల్చిన సరిహద్దు గీత మీద జరిగిన వాదనలో వందో వంతైనా, పిన్ని పొట్ట మీద ఉండవలసిన గీత గురించి జరగలేదు.

కాబట్టి తమరు దయచేసి దుప్పటి, దిండు మోసే పనికే పరిమితం కావాలని ప్రార్థన.

ఇట్లు,
పదమూడో నంబరు గారి అక్క కొడుకు